ఉద్యోగమా, ఐదు నెలల నడకా? పేపర్ పెట్టే ముందు వరుసగా చేయాల్సిన పనులు

అమెరికాలోని నాలుగు వేల కిలోమీటర్ల నడక దారి పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ వీడియోలు రాత్రి రెండింటి దాకా చూసి, తెల్లారి స్టాండప్ మీటింగులో కూర్చుని "ఇంక మానేద్దామా" అనుకునేవాళ్ల కోసం ఇది. ఉద్యోగమా, నడకా అని రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి ఎంత ఆలోచించినా తెగదు. రెండింటికీ తేదీలున్నాయి, రెండింటికీ ఖర్చులున్నాయి. వాటిని ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే చాలామందికి జవాబు అక్కడే దొరుకుతుంది. రాజీనామా చేయాలా వద్దా అన్నది ఆ కాగితంలో ఆఖరి వరుస. మనవాళ్లు దాన్నే మొదట పట్టుకుని టెన్షన్ పడతారు.

ముఖ్యంగా హైదరాబాద్, బెంగళూరుల్లో నెల జీతం మీద ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాళ్ల లెక్క వేరు, దాని గురించి కింద విడిగా చెప్తాను.

1. ముందు దారి పేరు, బయల్దేరే నెల రాయండి

"ఎక్కడికైనా దూరం నడవాలి" అంటే ఏ లెక్కా వేయలేం. దారి పేరు తేలితే కాలం, రోజులు, వీసా అన్నీ వాటంతట అవే తేలతాయి.

పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్, అంటే పీసీటీ, మెక్సికో సరిహద్దులోని క్యాంపో దగ్గర మొదలై కాలిఫోర్నియా, ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మీదుగా కెనడా సరిహద్దు దాకా పోతుంది. పొడవు సుమారు 4,265 కిలోమీటర్లు. ఉత్తరానికి నడిచేవాళ్లు చాలామంది ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారాల్లోపు బయల్దేరతారు. అంతకంటే ముందు వెళ్తే సియెర్రా పర్వతాల్లో మంచు ఇంకా కరగదు. ఆలస్యమైతే దక్షిణాన ఎడారి ఎండ, చివర్లో వాషింగ్టన్‌లో మళ్లీ మంచు. ఐదు నెలలు పడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కార్చిచ్చుల వల్ల కొన్ని భాగాలు మూసేయడం మామూలే.

ఆ దూరం మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, 2017 నవంబరు నుంచి 2019 జనవరి దాకా ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురానికి జగన్ చేసిన పాదయాత్ర 3,648 కిలోమీటర్లు, 341 రోజులు. రోజుకు 11 కిలోమీటర్ల లోపే. దారి పొడవునా సభలు, జనం, కాబట్టి ఆ వేగం సహజం. పీసీటీని 150 రోజుల్లో ముగించాలంటే సగటున రోజుకు 28 కిలోమీటర్లు నడవాలి, అదీ కొండల్లో, ఇల్లంతా వీపు మీద వేసుకుని. ఈ దారిలో అతి ఎత్తైన చోటు ఫారెస్టర్ పాస్, 4,009 మీటర్లు.

అపలాచియన్ ట్రెయిల్ అమెరికా తూర్పు వైపు ఉంది. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాలు, సుమారు 3,500 కిలోమీటర్లు, ఐదు నుంచి ఏడు నెలలు. మొత్తం నడుద్దామని మొదలుపెట్టినవాళ్లలో నలుగురికి ఒకరే చివరిదాకా వెళ్తారన్నది అక్కడ తరచూ వినిపించే లెక్క. న్యూజీలాండ్‌లోని టె అరరోవా సుమారు 3,000 కిలోమీటర్లు. అక్కడ వేసవి మనకు చలికాలం కాబట్టి అక్టోబరు, నవంబరుల్లో బయల్దేరతారు.

ఇక ఐదు నెలలు అక్కర్లేనివీ ఉన్నాయి. స్పెయిన్‌లోని కమీనో ఫ్రెంచ్ దారి ఫ్రాన్స్ సరిహద్దు నుంచి సంతియాగో దాకా సుమారు 780 కిలోమీటర్లు, ఐదు వారాలు. రోజూ రాత్రికి ఏదో ఒక ఊళ్లో మంచం దొరుకుతుంది, గుడారం మోయక్కర్లేదు.

మన దేశంలోనే కావాలంటే నర్మదా పరిక్రమ. నది పొడవు 1,312 కిలోమీటర్లు, రెండు గట్లూ తిరగాలి కాబట్టి 2,600 పైనే. అమర్‌కంటక్ నుంచో ఓంకారేశ్వర్ నుంచో మొదలుపెట్టి, నదిని ఎప్పుడూ కుడి చేతి వైపే ఉంచుకుని, ఎక్కడా దాటకుండా నడుస్తారు. గుజరాత్‌లో సముద్రంలో కలిసే చోట మాత్రం పడవ. చాతుర్మాస్యం ముగిశాక, కార్తీకంలో బయల్దేరడం ఆనవాయితీ. వీసా లేదు, విమానం టికెట్టు లేదు, ఆశ్రమాల్లో తిండీ పడకా దొరుకుతాయి. కాకపోతే అది వ్రతం, ట్రెక్ కాదు. ఆ నియమాలు పాటించే మనసు లేకపోతే వాళ్ల అన్నం తినడానికి వెళ్లకండి.

2. సంచి వేసుకుని పది రోజులు నడిచి చూడండి

నడక మీద ప్రేమా, ఆఫీసు మీద విసుగా అన్నది ఇక్కడ తేలిపోతుంది. మేనేజర్ మారితేనో, టీమ్ మారితేనో తగ్గిపోయే బాధకు నాలుగు వేల కిలోమీటర్ల మందు అక్కర్లేదు.

మొదట ఊరి దగ్గరే. 12 కిలోల బరువు, అందులో మూడు లీటర్ల నీళ్లు, వరుసగా మూడు రోజులు, రోజుకు 20 కిలోమీటర్లు. తిరుపతి వెళ్లే పని ఉంటే అలిపిరి మెట్ల దారి మంచి పరీక్ష: 3,550 మెట్లు. కింద టీటీడీ లగేజీ కౌంటర్లో బ్యాగు ఇచ్చేసి చేతులూపుకుంటూ ఎక్కడం అందరూ చేసేదే, మీరు మాత్రం వీపునే వేసుకుని ఎక్కండి. గాలిగోపురం దాకా ఊపిరే సమస్య అనిపిస్తుంది. పైకి చేరాక తెలుస్తుంది భుజం పట్టీలు ఎక్కడ కోశాయో, తడిసిన కాటన్ సాక్సులో మడమ దగ్గర చర్మం ఎలా ఉబ్బిందో. చూడాల్సింది మర్నాడు పొద్దున. పాదం నేల మీద పెట్టగానే మళ్లీ బూట్లు వేసుకోవాలనిపిస్తోందా, లేదా?

ఆ తర్వాత హిమాలయాల్లో ఎనిమిది పది రోజుల ట్రెక్ ఒకటి చేయండి. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వాళ్లతో వెళ్తే ఖర్చు తక్కువ. బ్యాగును గుర్రాల మీద పంపే సౌకర్యం ఉంటే వాడుకోకండి. సంపాదించిన సెలవుల్లోనే ఇదంతా అయిపోతుంది, ఉద్యోగానికి ఏ ఢోకా లేదు. ఏడో రోజు వాన పడుతూ, టెంట్‌లో బట్టలు ఆరకుండా ఉన్నప్పుడు కూడా "ఇంకో వారం ఉంటే బాగుండు" అనిపిస్తే తర్వాతి మెట్టుకు వెళ్లండి. హైదరాబాద్ బిర్యానీ గుర్తొస్తుంటే కమీనో చాలు.

3. డబ్బు లెక్క: నడిచే నెలలు, వెతికే నెలలు

అందరూ నడిచే నెలల ఖర్చు వేస్తారు. తిరిగొచ్చాక ఉద్యోగం దొరికే దాకా పట్టే నెలలు మరిచిపోతారు. నా ఉద్దేశంలో ఆ రెండోదానికి ఆరు నెలలు పెట్టుకోవాలి. తొందరగా దొరికితే మిగులుతుంది.

మాట వరసకు మియాపూర్‌లో ఉండే ఒక టెస్టింగ్ ఇంజినీరును అనుకుందాం. చేతికొచ్చేది 85,000. ఫ్లాట్ ఈఎంఐ 31,000, అమ్మానాన్నలకు పంపేది 10,000, ఇన్సూరెన్స్ ప్రీమియంలు నెలకు 4,000. అంటే ఆయన ఊళ్లో ఉన్నా లేకున్నా నెలకు 45,000 కట్టాల్సిందే. తన తిండీ తిరుగుడూ 20,000. నెలకు మిగిలేది 20,000.

పీసీటీకి నెలకు 1,500 డాలర్లు వేసుకుందాం. దారిలో గుడారమే కదా అనిపిస్తుంది గానీ, ఊళ్లోకి దిగినప్పుడల్లా మోటెల్, రెస్టారెంట్, చిరిగిన బూట్ల బదులు కొత్తవి. డాలరు 90 రూపాయల చొప్పున ఐదు నెలలకు 6.75 లక్షలు. విమానం, వీసా, ట్రావెల్ ఇన్సూరెన్స్, టెంట్, స్లీపింగ్ బ్యాగు కలిపి ఇంకో 3.25 లక్షలు. ఇంటి దగ్గర తప్పని 45,000 చొప్పున 11 నెలలకు 4.95 లక్షలు. తిరిగొచ్చాక ఆరు నెలలు తన ఖర్చు 1.2 లక్షలు. మొత్తం 16.15 లక్షలు. నెలకు 20,000 చొప్పున కూడబెడితే దాదాపు ఏడేళ్లు!

ఇది చూసి నీరుగారిపోవాల్సిన పనిలేదు, అంకెలు కదులుతాయి. నడిచే ఐదు నెలలూ ఫ్లాట్ 20,000కు అద్దెకిస్తే లక్ష తగ్గుతుంది. జీతం లేకపోయినా ఉద్యోగం నిలిచే సెలవు దొరికితే వెతికే ఆరు నెలల భారం, అంటే 3.9 లక్షలు, సగం దాకా తగ్గుతుంది. పీసీటీ బదులు నర్మద అయితే దారి ఖర్చు అర లక్షలో సర్దుకోవచ్చు. కమీనో అయితే మూడు లక్షలు, ఉద్యోగం వదలక్కర్లేదు. ఇదే పట్టిక మీ అంకెలతో వేయండి. పర్సనల్ లోన్ తీసుకుని నడవాల్సొస్తే ఆ ఏడాది మానుకోమనే చెప్తాను.

పీఎఫ్ మీద చేయి వేయకండి. ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. ఉద్యోగం మానినా అందులో డబ్బుకు వడ్డీ ఆగదు, అలా ఉండనివ్వండి.

4. వీసా, పర్మిట్ చేతికొచ్చాకే మిగతా మాటలు

ఉద్యోగం మానేసి వీసా ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు కష్టం. తిరిగి ఇండియాకు ఎందుకొస్తారు అని అధికారి అడిగినప్పుడు చూపించడానికి ఉద్యోగం ఉండటం వేరు, లేకపోవడం వేరు. అలాగని అబద్ధం చెప్పొద్దు. ఫలానా దారి నడవడానికి వెళ్తున్నాను, ఇన్ని నెలలు, ఇదిగో ప్లాన్ అని ఉన్నదున్నట్టు చెప్పండి. పట్టుబడిన అబద్ధం ఆ తర్వాతి ప్రతి వీసా దగ్గరా అడ్డం పడుతుంది.

అమెరికా బీ1/బీ2 విజిటర్ వీసా మనవాళ్లకు పదేళ్లకు ఇవ్వడం మామూలే అయినా, ఒక్కసారి వెళ్తే ఉండనిచ్చేది సాధారణంగా ఆరు నెలలు. అక్కడ దిగినప్పుడు ఎప్పటిదాకా ఉండొచ్చో రాసిచ్చే రికార్డు, ఐ-94, దాని మీద ఉన్న తేదీయే లెక్క. ఐదు నెలల పీసీటీ అందులో పడుతుంది. ఆరేడు నెలల అపలాచియన్ ఇరుకు. పీసీటీ పర్మిట్ ఉచితమే, కానీ సీజన్‌లో మెక్సికో సరిహద్దు నుంచి రోజుకు 50 మందికే ఇస్తారు. దరఖాస్తులు ముందటేడు నవంబరులో ఒకసారి, జనవరిలో మరోసారి తెరవడం ఇటీవలి పద్ధతి. మన దగ్గర వీసా స్లాట్ కోసమే నెలలు ఆగాల్సి రావచ్చు కాబట్టి, 2028 ఏప్రిల్‌లో నడవాలంటే 2027 మొదట్లోనే స్లాట్ కోసం చూడటం మొదలుపెట్టాలి. చివర్లో కెనడాలోకి నడిచి దాటొచ్చని పాత వీడియోల్లో ఉంటుంది. 2025 నుంచి కెనడా దాన్ని ఆపేసింది. సరిహద్దు స్తంభం ముట్టుకుని, వచ్చిన దారినే హార్ట్స్ పాస్ దాకా దాదాపు 48 కిలోమీటర్లు వెనక్కి నడవాలి. రెండు రోజులు అదనం, తిరుగు టికెట్టు దానికి తగ్గట్టు తీసుకోండి.

5. రాజీనామా కంటే ముందు సెలవు అడగండి

అడక్కుండానే "మా కంపెనీలో ఇవ్వరు" అనేవాళ్లే ఎక్కువ. హెచ్ఆర్ పోర్టల్‌లో సబాటికల్ అనో, లాంగ్ లీవ్ అనో పాలసీ ఉందేమో మొదట చదవండి. చాలాచోట్ల రెండు మూడేళ్ల సర్వీసు దాటితే అర్హత ఉంటుంది. పాలసీ లేకపోయినా మేనేజర్ తలచుకుంటే లాస్ ఆఫ్ పే కింద సర్దగలరు.

హెచ్ఆర్ దగ్గరికి కాదు, ముందు మేనేజర్ దగ్గరికే వెళ్లండి. ప్రాజెక్టు రిలీజ్ అయిపోయిన వారం మంచిది, అప్రైజల్ ముందు వారం మంచిది కాదు. నాలుగు నెలల ముందే అడగండి. చేతిలో ఒక పేజీ ఉండాలి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, నా పని ఎవరు చూస్తారు, వాళ్లకు కేటీ, అంటే పని నేర్పి అప్పజెప్పడం, ఎప్పటికల్లా అయిపోతుంది, జీతం అడగడం లేదు. "జీవితంలో ఒకసారి వచ్చే అవకాశం సర్" లాంటి మాటలకంటే "నా రెండు మాడ్యూళ్లూ ఈయనకు ఫిబ్రవరి నెలాఖరుకల్లా అప్పజెప్తాను" అన్న మాటే పనిచేస్తుంది.

సరేనంటే మెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. తిరిగొచ్చే తేదీ, అదే హోదా, అదే జీతం, సెలవు కాలంలో హెల్త్ ఇన్సూరెన్స్ నడుస్తుందా లేదా, ఇవి నాలుగూ అందులో ఉండాలి. నోటి మాట ఇచ్చిన మేనేజర్ మీరు ఒరెగాన్‌లో ఉండగా వేరే కంపెనీకి మారిపోవచ్చు. సెలవులో ఉన్నవాళ్లను లేఆఫ్‌లో తీయరన్న గ్యారంటీ లేదు, కాబట్టి వెతికే నెలల డబ్బులో కనీసం మూడు నెలలది ఎలాగూ ఉంచుకోండి.

ప్రభుత్వోద్యోగులకు ఇది ఇంకా సూటి. జీతం లేని అసాధారణ సెలవు నిబంధనల్లోనే ఉంది. విదేశానికైతే శాఖ నుంచి ఎన్‌ఓసీ తప్పనిసరి. పర్మనెంట్ సర్కారు ఉద్యోగాన్ని నడక కోసం వదలమని నేనైతే ఎవరికీ చెప్పను.

6. ఇవ్వనంటే: పేపర్ పెట్టే తేదీ

వెనక నుంచి లెక్కేయండి. ఏప్రిల్ 20న క్యాంపోలో అడుగు వేయాలి. 12న విమానం. సామాన్లు, బ్యాంకు పనులు, ఊరెళ్లి రావడానికి దాదాపు రెండు వారాలు కావాలి కనుక ఆఖరి పని దినం మార్చి 31. నోటీస్ పీరియడ్ 90 రోజులైతే కొత్త సంవత్సరం రోజే పేపర్ పెట్టాలి.

ఇక్కడే చాలామందికి డబ్బు పోతుంది. ఏడాది బోనస్ మార్చి తర్వాత ఇచ్చే కంపెనీల్లో, ఆ రోజుకు నోటీసులో ఉన్నవాళ్లకు ఇవ్వరన్న షరతు తరచుగా ఉంటుంది. ఆఫర్ లెటర్ మళ్లీ తీసి చదవండి. జాయినింగ్ బోనస్ వెనక్కి కట్టే నిబంధన ఉందేమో కూడా అందులోనే దొరుకుతుంది. గ్రాట్యుటీకి పర్మనెంట్ ఉద్యోగులకు ఐదేళ్ల సర్వీసు కావాలి. బేసిక్, డీఏ కలిపి 40,000 ఉన్నవారికి ఐదేళ్లకు 40,000 × 15 ÷ 26 × 5, అంటే సుమారు 1.15 లక్షలు. సర్వీసు నాలుగేళ్ల మీద కొన్ని నెలలే ఉంటే నడకను ఏడాది వాయిదా వేయడం మంచిది. ఆ డబ్బు పీసీటీ మీద దాదాపు 25 రోజుల ఖర్చుకు వస్తుంది.

అన్నిటికంటే పెద్ద విషయం హెల్త్ ఇన్సూరెన్స్. కంపెనీ పాలసీలో అమ్మానాన్నలు కూడా ఉంటే, మీ ఆఖరి పని దినంతో వాళ్ల కవరేజీ కూడా పోతుంది. బీపీ, షుగరు ఉన్న 60 దాటినవాళ్లకు కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో గ్రూప్ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో నోటీస్ పీరియడ్ మొదట్లోనే అడగండి. ఇది తేలకుండా టికెట్టు కొనకండి.

రిలీవింగ్ లెటర్, పీఎఫ్ రికార్డులో ఎగ్జిట్ తేదీ, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ మూడూ బయల్దేరే ముందే చూసుకోవాలి. అడవిలో సిగ్నల్ ఉండదు, ఓటీపీ రాదు.

హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు

ఉద్యోగం ముగిశాక అమెరికాలో ఉండటానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 అంతకు ముందే ముగిస్తే అప్పటిదాకానే. ఐదు నెలల నడక అందులో పట్టదు. కాబట్టి రాజీనామా చేసి నేరుగా ట్రెయిల్ ఎక్కడం మీకు కుదిరే పని కాదు. మీరుగా అడిగి తీసుకునే జీతం లేని సెలవే సూటి దారి. ఉద్యోగ సంబంధం కొనసాగుతోందని, సెలవు మీరే కోరారని కాగితం మీద ఉండాలి. కంపెనీ లాయరుతో మాట్లాడకుండా ఒక్క అడుగూ వేయొద్దు. ఓపీటీలో, అంటే అక్కడ చదువయ్యాక దొరికే పని అనుమతి మీద, ఉన్న పిల్లలైతే ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదని గుర్తుపెట్టుకోవాలి. గ్రీన్‌కార్డు క్యూలో ఉండి, కంపెనీ వేసే ఐ-140 పిటిషన్‌కు ఆమోదం కూడా ఇంకా రానివాళ్లకు నా సలహా: వచ్చి 180 రోజులు దాటేదాకా ఆగండి, అప్పటిదాకా సెలవుల్లో ముక్కలు ముక్కలుగా నడవండి. పీసీటీని ఏటా కొంత చొప్పున పూర్తిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు.

7. ఇంట్లో చెప్పడం

"నాన్నా, ఉద్యోగం మానేస్తున్నా" అని మొదలుపెడితే ఆ తర్వాత మీరేం చెప్పినా ఆయనకు వినపడదు. "నాన్నా, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఊళ్లో ఉండను. పదకొండు నెలల ఈఎంఐ వేరే అకౌంట్లో వేశాను. మీ ఇద్దరి ఇన్సూరెన్స్ కార్డులు ఇవిగో" అని మొదలుపెట్టండి. కోపం రాదని కాదు, తిట్టడానికి కారణాలు తగ్గుతాయి. పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజులైతే "అబ్బాయి ఖాళీగా ఉన్నాడట" అన్న మాట మీకంటే ముందు అమ్మ చెవిన పడుతుంది. కాబట్టి ఆ సంగతి అమ్మతో విడిగా, ముందే మాట్లాడుకోవాలి.

పెళ్లయినవాళ్లకు భార్యాభర్తల్లో రెండోవాళ్ల ఒప్పుకోలు లేకుండా ఈ పట్టికలో ఏ వరుసా చెల్లదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఐదు నెలలు మాయమవడం అంటే ఇంకొకరు ఒంటరిగా ఐదు నెలలు పిల్లలను పెంచడం. అలాంటప్పుడు ఐదు వారాల దారే న్యాయం అనిపిస్తుంది నాకు.

ఈ ఏడాది కుదరకపోతే దారి ఎక్కడికీ పోదు. ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ పదకొండు మంది పిల్లల తల్లి. 1954లో అపలాచియన్ ట్రెయిల్ మొదలుపెట్టి, దారి తప్పి, కళ్లజోడు పగలగొట్టుకుని ఇంటికి తిరిగొచ్చారు. మరుసటేడు, 67 ఏళ్ల వయసులో, కాన్వాస్ బూట్లతో మొత్తం నడిచేశారు.

8. ఎక్కడ ఆపాలో ముందే రాసుకోండి

దారి మధ్యలో, అలసటలో తీసుకునే నిర్ణయాలు బాగుండవు. అందుకని ఇంట్లో కూర్చునే మూడు హద్దులు రాసి ఒకరికి ఇచ్చి వెళ్లండి: బ్యాంకులో ఇంతకంటే తగ్గితే వస్తాను, మోకాలికో కాలి ఎముకకో దెబ్బ తగిలి రెండు వారాల విశ్రాంతితో తగ్గకపోతే వస్తాను, ఇంట్లో ఫలానా అవసరమొస్తే ఆ రోజే బయల్దేరతాను. వాన, ఒంటరితనం, తిండి నచ్చకపోవడం ఆ జాబితాలో ఉండకూడదు. అవి వస్తాయి, పోతాయి.

9. తిరిగొచ్చాక

మొదటి రెండు వారాలు నిద్ర, తిండి. పాదాల తిమ్మిరి కొన్నాళ్లు ఉంటుంది. మూడో వారం నుంచి దరఖాస్తులు మొదలుపెట్టండి. సెప్టెంబరులో ముగిస్తే దసరా, దీపావళి దాటి డిసెంబరు దాకా కంపెనీల్లో కదలిక తక్కువగా అనిపించవచ్చు, కంగారుపడొద్దు.

రెజ్యూమెలో గ్యాప్ దాచకండి. ఒక్క వరుస చాలు: ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్, ఇన్ని కిలోమీటర్లు. అమీర్‌పేటలో ఎవరో ఇస్తామంటున్నారని దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టుకుంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డే అసలు తేదీలు చెప్పేస్తుంది. ఇంటర్వ్యూలో అడిగితే రెండు నిమిషాల్లో చెప్పి పని సంగతికి వచ్చేయండి. మళ్లీ ఎప్పుడు వెళ్తావు అన్నదే వాళ్ల అసలు అనుమానం, దానికి సూటి జవాబు సిద్ధంగా ఉండాలి.

మూడు నెలలైనా ఏమీ కుదరకపోతే పాత మేనేజర్‌కు ఫోన్ చేయండి, మొహమాటం వద్దు. హ్యాండోవర్ శుభ్రంగా చేసి వెళ్లినవాళ్లను మళ్లీ తీసుకోవడం కంపెనీకి కొత్తవాళ్లను వెతకడం కంటే చవక. అప్పుడు జీతం గురించి మాట్లాడేటప్పుడు మానేసిన నాటి అంకె దగ్గర కాదు, ఇప్పటి మార్కెట్ అంకె దగ్గర మొదలుపెట్టండి.